ఎనిమిదికే మూతపడే మిషన్

మాది ఒక చిన్న పాల కంపెనీ. జనగామలో బట్టల దుకాణం పైన రెండు గదులు మా ఆఫీసు. ఒక గదిలో మేనేజరు, ఇంకో గదిలో నేనూ ఒక సర్వర్ కంప్యూటరూ ఉంటాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని మా పాలకేంద్రాలకు తలా ఒక మిషన్ ఉంది. ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న ఎంత వచ్చింది, అన్నీ అందులోనే ఎక్కుతాయి. మిషన్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూతపడాలి అన్న సెట్టింగులు మాత్రం నా సర్వర్లో జిల్లాకొక జాబితాగా రాసి ఉంటాయి. ప్రతి మిషన్ అరగంటకోసారి తన జాబితాను చూసుకుని, తేడా ఉంటే తనంతట తానే దిద్దుకుంటుంది. ఆ జాబితాలు రాసేది నేనే. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు కాస్త ఇష్టం కూడా.

వానాకాలం పోయినంక భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ దగ్గరి ఒక కేంద్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చేసేది అక్కడ పాలు పట్టే అక్క.

"అన్నా, ఎనిమిది కొట్టంగనే మిషన్ బంద్ అయితాంది. గోదారి ఒడ్డు ఊర్లోళ్ళు ఎనిమిదిన్నరకు గాని రారు. క్యాన్లు పట్టుకోని నిలవడ్డరు, ఏం జెయ్యాలె?"

అది ఎంతసేపటి పని? భూపాలపల్లి జాబితాలో ఎనిమిది తీసి తొమ్మిదిన్నర అని రాశాను. మిగతా భూపాలపల్లి మిషన్లన్నీ బుద్ధిగా విన్నాయి. అక్క మిషన్ మాత్రం వినలేదు. సరే అని ఆ కేంద్రం సిమ్ నంబరు పట్టుకుని నేరుగా మిషన్లోకే పోయి, చేత్తో తొమ్మిదిన్నర పెట్టాను. అరగంటలో మళ్ళీ ఎనిమిది. కుక్కతోక సామెత నాకోసమే పుట్టిందా అనిపించింది.

వారమంతా అదే తంతు. నేను పెట్టడం, అది పోవడం. జాబితా పదిసార్లు చదివాను, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. సర్వర్ ఆపి మళ్ళీ లేపాను. ఒకరోజు అన్నం తింటూ తింటూ లేచి, ఎడమచేత్తోనే కీబోర్డు కొట్టి చూశాను. తల తిరిగిపోయిందే గానీ ఏమీ తెలియలేదు. తెలియనప్పుడు మనిషి ఊరుకుంటే బాగుండు. నేను ఊరుకునే రకం కాదు, ఎవరినో ఒకరిని పట్టుకోవాలి.

ఆ మిషన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది. నా దగ్గర, అక్క దగ్గర. నేనైతే మార్చలేదు. అంటే ఎనిమిదికి తాళం వేసుకుని ఇంటికి పోదామని ఆమే మారుస్తోంది. ఫోన్లు నాటకం. ఈ లెక్క నాకెంత నచ్చిందంటే, వెంటనే లేచి వెళ్ళి మేనేజరుకు చెప్పేశాను.

"గట్లనా? అయితే వచ్చే నెల సంది ఇంకొకలను పెడ్దాం. నువ్వొకపారి పోయి చూసి, రిపోర్టు రాసియ్యి" అన్నాడాయన.

ఆమె పని నా రిపోర్టు మీద నిలబడి ఉందని అర్థమైంది. అయినా బస్సెక్కేటప్పుడు నాకేం బెరుకు లేదు. ముందురోజు సాయంత్రం భూపాలపల్లిలో చుట్టాలింట్లో ఉండి, పొద్దున మొదటి బస్సుకు కేంద్రానికి పోయాను. చిన్న రేకుల గది. బయట క్యాన్లు, వాటి వెనక ఆడవాళ్ళు. అక్క నాకు కుర్చీ వేసి, తాను గడప దగ్గర నిలబడింది.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా నా చేత్తో తొమ్మిదిన్నర పెట్టాను. ఆమెను మిషన్ దగ్గరికి రానియ్యలేదు. ఎనిమిది దాటింది, మిషన్ నడుస్తూనే ఉంది. పాలు నేనే కొలిచాను. చూశారా, ఆమె చెయ్యి పడకపోతే ఎంత బాగుందో అని లోపల సంబరపడ్డాను. ఎనిమిదీ పదికి నా కళ్ళముందే తెర మీద అంకె మారింది. ఎనిమిది. మిషన్ మూతపడింది. నేను అక్క వైపు చూశాను. ఆమె ఇంకా గడప దగ్గరే, చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

"గిట్లనే అయితది అన్నా రోజూ" అంది.

అప్పుడు మొదటిసారి మిషన్‌ను ఎత్తి కింద చూశాను. అడుగున ఒక చీటీ అతికించి ఉంది. మరిపెడ అని రాసుంది. చేతిరాత నాదే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిడుగు పడి మిషన్ కాలిపోతే కొత్తదాని కోసం ఆగం. ఎక్కడ కేంద్రం మూతపడి ఉంటే అక్కడిది పీకి బస్సు పార్సిల్లో వేస్తాం. ముందు పాలు ఆగొద్దు, కాగితాలు తర్వాత. వానల్లో అక్క మిషన్ కాలినప్పుడు, మహబూబాబాద్ జిల్లాలో మూతపడి ఉన్న మరిపెడ కేంద్రం మిషన్ పంపింది నేనే. జాబితా మార్చడం మరిచిందీ నేనే. ఊరు మారినా అది ఇంకా మహబూబాబాద్ జాబితానే చూసుకుంటోంది. అక్కడ ఎనిమిదే. సిమ్ మాత్రం అక్క కేంద్రానిదే. ఇన్నాళ్ళూ ఆ నంబరు మీదే లోపలికి పోయాను గానీ, మిషన్ పేరేందని ఒక్కసారి చూడలేదు.

ఫోన్లోంచే సర్వర్లోకి పోయి మహబూబాబాద్ జాబితాలోంచి ఆ మిషన్ పేరున్న ఒక్క వరుస తీసి భూపాలపల్లి కింద వేశాను. కాసేపటికి మిషన్ తెరుచుకుంది, మళ్ళీ మూతపడలేదు. బయట ఆడవాళ్ళు క్యాన్లు ముందుకు జరిపారు. వాళ్ళ పాలన్నీ పట్టినంక అక్క రిజిస్టరు కింది నుంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది.

"సారుకు ఇయ్యున్రి అన్నా. ఇయ్యాల్నే ఇద్దామనుకున్న. మిషన్ నాతోనే ఖరాబైతాంది, పని బంద్ జేస్తనని రాసిన. ఇంటర్ దాక సదివిన, గిది నాకు రాదేమో అనుకున్న. ముట్టుకోవాలంటేనే భయమైతుండె."

ఆమె ముందరే మేనేజరుకు ఫోను చేసి, తప్పు నాదేనని చెప్పాను. గది చిన్నది, ఆయన గొంతు పెద్దది.

"మరి ఆమెనే మారుస్తాందని నాతో ఎందుకు చెప్పినవ్ రా?"

అక్క విన్నది. ఫోను పెట్టేశాక ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, చిన్నగా మడిచి, రెండు ముక్కలు చేసింది. కోపం చేస్తే భరించేవాణ్ణి. ఆమె నిజంగానే అర్థంకాక అడిగింది.

"నేను నామీదనే అనుమానపడ్డ, మీరు గూడ నామీదనే పడ్డరు. ఆ మిషన్ పంపింది మీరే గదా అన్నా, మీమీద ఎవ్వలకు అనుమానం రాలే గదా. ఎందుకు?"

నేను మిషన్‌ను మళ్ళీ ఎత్తి, అడుగున నా చేతిరాత చీటీని గోటితో గీకడం మొదలుపెట్టాను. ఆమె క్యాన్లు కడగడానికి బయటికి పోయింది.