షేర్ల ఉత్తరాలూ, బాబాయి చేతివాసీ

ఇంటర్నెట్ సెంటర్లో చెప్పులు బయట విడిచి ఓ గంట ఏసీలో కూర్చుంటే చాలు, లోకంలోని తెలివంతా మనకొచ్చేసిందనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో, ఏలూరులో, మా బాబాయితో నేనన్న ఒక మాట శుద్ధ తప్పు. ఆయన్ని దురదృష్టవంతుడన్నాను. అదీ నలుగురి ముందు, నవ్వుతూ.

అప్పుడు నాకు కొత్త ఉద్యోగం. ఏ కంపెనీ షేరు పెరుగుతుందో, ఏది తగ్గుతుందో ముందే చెప్పే ఉత్తరమొకటి ఈమెయిల్లో ఉచితంగా వస్తుందని తెలిసి, నా పేరుతోపాటు బాబాయి పేరూ ఇచ్చాను. బాబాయికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టుంది. మంచి చేతివాసి అని పేరు. మార్కెట్లో ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా తొలి గోతాం కుట్టు ఆయన చేతే విప్పించేవారు. మొదటి వారం ఒకే కంపెనీ గురించి నాకు పెరుగుతుందనీ, ఆయనకు తగ్గుతుందనీ వచ్చింది. పెరిగింది. బుర్ర ఉన్నవాడెవడైనా ఉత్తరాన్ని అనుమానిస్తాడు. నేను బాబాయిని అనుమానించాను. మరుసటి వారం నా జోస్యం మళ్ళీ ఫలించింది. తనదీ చూసుకుందామని ఏలూరొచ్చిన ఆయనకు అసలు ఉత్తరమే రాలేదు.

"మీ చేతివాసికి వాళ్ళే దండం పెట్టేశారు బాబాయ్! కాస్త ఆ మౌస్ ముట్టుకోకండి," అన్నాను. సెంటర్లో అందరూ నవ్వారు. బాబాయీ నవ్వారు గానీ, ఆయన చెయ్యి మాత్రం మెల్లగా జేబులోకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, మీ బాబాయి బోణీ కూడా గుమాస్తా చేతే చేయిస్తున్నార్రా. ఎవరో కొత్త కొట్టుకి పిలిస్తే ఒంట్లో బాలేదని పడుకున్నారు. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటాను పిన్నీ!" అన్నాను. (అప్పటికి నేను, ఉచిత ఉత్తరాలు ఆగిపోగానే ఏడాది చందా కట్టేసి, జీతంలో మిగిల్చిందంతా షేర్లలో పెట్టేసిన మహా మేధావిని.)

తర్వాత ఒకరోజు, సెంటర్లో ప్రింటర్లోంచి వచ్చిన కాగితం కోసం నాకూ, కొల్లేటి దగ్గర చేపల చెరువులున్న ఒక పెద్దమనిషికీ పేచీ వచ్చింది. "నాదండీ!" "కాదండీ, నాది!" తీరా చూస్తే కాగితాలు రెండు. అదే ఉత్తరం, అదే కంపెనీ. నాది పెరుగుతుందంది, ఆయనది తగ్గుతుందంది. ఆ వారం షేరు కుప్పకూలి, నా డబ్బు తుడిచిపెట్టుకుపోయింది. పెద్దమనిషి నా భుజం తట్టి, "ఏవనుకోకండి గానీ, మీ చేతివాసి బాలేదండీ. మా చెరువు గట్టు మీదకి మాత్రం రాకండేం," అన్నాడు, ఎంతో మర్యాదగా.

అప్పుడు వెలిగింది. కొందరికి పెరుగుతుందనీ, కొందరికి తగ్గుతుందనీ రాసి, తప్పినవాళ్ళని వదిలేసి, ఫలించినవాళ్ళ దగ్గర చందా పుచ్చుకునే కంపెనీ అది! పోయిన డబ్బుకంటే, జేబులోకి వెళ్ళిన ఆ చెయ్యే ఎక్కువ గుర్తొచ్చింది.

దొరికిన రైలెక్కి గూడెం వెళ్ళి, కొట్లో పిన్ని ముందూ, జట్టు కూలీల ముందూ జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. బాబాయి శ్రద్ధగా విన్నారు. "అంటే, ఇంతమందిలో నన్నే ఏరి తప్పేవాళ్ళలో పడేశారన్నమాట. మరి నేననేదీ అదేగా!" అన్నారు.

ఇక వాదన దండగని గోతాల మీద చతికిలబడ్డాను. "బోణీ మీ చేత్తో ఇస్తేగానీ కదలను బాబాయ్."

"ఇచ్చేయండి," అంది పిన్ని. "లేకపోతే వాడికి మధ్యాహ్నం అన్నం కూడా నేనే వండాలి."

బాబాయి అటూ ఇటూ చూసి, చెయ్యి తుడుచుకుని, గోతాం కుట్టు లాగారు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం తొలి బేరం నాదే. "పోయినవారం పాయలెలా ఉన్నాయిరా?" అనేవారు. "బంగారం బాబాయ్! అవి తీసుకెళ్ళిన రోజే ఆఫీసులో మేనేజరు మెచ్చుకున్నారు." (గదంతా ఉల్లి కంపని ఇంటాయన తిట్టిన సంగతి చెప్పలేదు.) కలిసొచ్చినవి చెప్పాను, రానివి మింగేశాను. ఉత్తరాల కంపెనీ దగ్గర నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. కొన్ని నెలలకు ఆయన మళ్ళీ కొత్త కొట్లకి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇప్పటికీ ఎవరొచ్చినా నన్ను చూపించి, "మావాడికి ఉల్లిపాయ లేందే ముద్ద దిగదండీ," అని మురిసిపోతూ పరిచయం చేస్తారు. నాకు చిన్నప్పట్నుంచీ ఉల్లిపాయంటే పడదు. తలూపి, కంచంలో ఏరి పక్కన పెట్టిన ముక్కలు కూడా తినేస్తాను.