‘గర్భవతికి జప్తు’ అన్న వ్యాసం

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరిన రోజులు. విజయవాడ భవానీపురంలోని మా మెడికల్ షాపుకి రఫీ వచ్చాడు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే మనిషి. భార్య నస్రీన్‌కి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఆమె మాత్రల రీఫిల్, అంటే పాత చీటీ మీదే మళ్లీ ఇచ్చే మందులు, నెలనెలా నా దగ్గరే తీసుకెళ్లేవాడు. ఫార్మసిస్టుగా ఇన్నేళ్లలో నేను మరిచిపోలేని కేసు వాళ్లదే.

ఆ రోజు ఐరన్ మాత్రలు మాత్రమే అడిగాడు. నస్రీన్‌కి మూడో నెలట. మనిషి సంబరంగా ఉన్నాడు.

"ఫిట్స్ మాత్రలు వద్దా?" అన్నాను.

"ఆపేశాం మేడమ్. కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదంటగా."

"డాక్టర్ గారు చెప్పారా?"

"ఆయన ఊళ్లో లేరండి. నెట్‌లో చదివాం. తెలుగులోనే ఉంది, శుభ్రంగా."

ఫోన్ చేతికిచ్చాడు. తెల్లకోటు డాక్టర్ బొమ్మ, కింద పెద్ద వ్యాసం. "గర్భవతికి జప్తు వచ్చినప్పుడు" అన్నచోట ఆగిపోయాను. ఇంగ్లీషులో ఫిట్స్‌ని సీజర్ అంటారు. ఆస్తి జప్తుకీ అదే మాట. తెలుగు తెలిసిన మనిషెవరూ అలా రాయరు. ఇంకా కిందికి వెళితే "ఆమె వైద్యుడిని కలిశాడు", "ఈ మాత్రలు పనిచేస్తుంది". మరోచోట "మనం మీకు సలహా ఇస్తున్నాము". ఎదుటివాళ్లకి చెబుతూ మేము అనకుండా మనం అంటారా ఎవరైనా? బడి మొహం చూడని పిల్లలు కూడా ఆ రెండూ కలపరు. ఇది మెషీన్ రాసింది. నెట్‌లో పెట్టేముందు ఎవరూ చదివినట్టు కూడా లేదు.

నన్ను భయపెట్టిన వాక్యం మాత్రం వేరు. "గర్భం అని తెలిసిన వెంటనే ఈ మాత్రలు ఆపేయండి." అందులో ఒక్క తప్పూ లేదు. చక్కటి తెలుగు.

ఈ మందులు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మునుపటికన్నా బలంగా రావచ్చు. మా భాషలో విత్‌డ్రాయల్. మార్చాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

"ఆపి ఎన్నాళ్లయింది?"

"నాలుగైదు రోజులండి. బానే ఉంది మేడమ్, ఏం కాలేదు."

నస్రీన్ కొండపల్లిలో పుట్టింట్లో ఉంది. ఫోన్ కలిపి నాకిచ్చాడు.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"బానే ఉన్నానండి. పొద్దున చెయ్యి ఒకటే అదిరింది. టీ గ్లాసు జారిపోయింది. నిద్ర చాలక అనుకున్నా."

"అమ్మని పక్కనే ఉండమను. పొయ్యి దగ్గరికి వెళ్లకు, స్నానానికి ఒక్కదానివే పోకు" అని చెప్పి, చీటీ మీదున్న ఆసుపత్రికి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టర్ సగం వినగానే, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు.

రఫీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "బండి మీద ఎక్కించొద్దు, కారు మాట్లాడుకోండి!" అని అరిచాను. తర్వాత ఎవరికి ఏ మందిచ్చినా పేరు రెండోసారి చూసుకోవాల్సి వచ్చింది. మనసు అక్కడ లేదు. అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

సాయంత్రం తనే చేశాడు. ఆసుపత్రి గుమ్మంలోనే నస్రీన్‌కి ఫిట్స్ వచ్చిందట. స్ట్రెచర్ మీదే ఇంజెక్షన్ ఇచ్చారట.

"దారిలో వచ్చుంటే నేనేం చేసేవాణ్ణి మేడమ్?"

ఇప్పుడెలా ఉందని మాత్రం అడిగాను. స్కానింగ్‌లో బిడ్డ బాగుందని తేలింది. చలి మొదలయ్యాక పాప పుట్టింది.

ఆ వెబ్‌సైట్ వాళ్లకి, మాత్రలు ఆపమన్న వాక్యంతో సహా తప్పులన్నీ చూపించి రాశాను. పంపిన మరుక్షణమే "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని జవాబొచ్చింది. కొన్ని వారాలకి మళ్లీ తెరిచి చూశాను. జప్తు పోయి మూర్ఛ వచ్చింది. కలిశాడు కలిసింది అయింది. మనం మేము అయింది. మాత్రలు ఆపేయండి అన్న వాక్యం మాత్రం అలాగే ఉంది.

అప్పటి నుంచి నాకు తప్పుల్లేని తెలుగు చూసినా కుదురుండదు. భాషలో తప్పులు కనబడబట్టి ఆ రోజు పట్టుకున్నాను. ఇప్పుడు అదే పేజీ ఇంకెవరైనా చూపిస్తే, దేన్ని పట్టుకుని అనుమానించాలి? అందుకే కౌంటర్ ముందుకి ఎవరొచ్చినా ఏం కావాలని అడిగాక, ఏ మందైనా మానేశారా అని కూడా అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతూనే ఉన్నాను.