పాటలు పోయింది కరెంటు వల్ల కాదు

నేను చేసిన తప్పుకు ఇంకొకరు నాకు క్షమాపణ చెప్పారు. దాన్ని నేను తీసుకున్నాను. ఇన్నేళ్ళుగా లోపల బరువై కూర్చున్నది అదే. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది జగ్గయ్యపేట. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా చర్చిలో పాటలు నేర్పే సుశీలమ్మగారి గొంతు రికార్డు చేసి, ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌లో దాచి, క్వయర్ వాళ్ళంతా ఫోన్లో వినేలా పెట్టాను. ఆ యాప్ కంటైనర్‌లో నడిచేది. కంటైనర్ ఒక డబ్బాలాంటిది. అప్‌డేట్ చేస్తే పాత డబ్బా పోయి కొత్తది వస్తుంది. అందుకే దాచుకోవలసినవి డబ్బా బయట ఉంచి, వాటికి బ్యాకప్ తీయాలి. నాకు తెలియదా? ఆఫీసులో నా పనే అది. ఇంట్లో మాత్రం పాటల పేర్లున్న డేటాబేస్‌ను బయట పెట్టి, పాటలను లోపలే వదిలేసి, రోజూ ఆ పేర్లకే బ్యాకప్ తీస్తూ అంతా భద్రమనుకున్నాను. ఒక్కసారైనా బ్యాకప్‌ను వెనక్కి తెచ్చి చూశానా? లేదు.

ఒక ఆదివారం మొదటిసారిగా అప్‌డేట్ చేస్తే యాప్ తెరుచుకోలేదు. కంగారు పడలేదు. తెరుచుకోని డబ్బా తీసేసి, ఇంకొకటి పెట్టి బ్యాకప్ ఎక్కించాను. పాటల పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఒకటి నొక్కాను. శబ్దం లేదు. ఇంకొకటి నొక్కాను. లేదు. నా ఫోన్లో ఉన్న అసలు రికార్డింగులు చోటు చాలక అప్పటికే తుడిచేశాను.

ముందు రోజు గాలివానకు కరెంటు పోయి వచ్చింది. అడిగినవాళ్ళతో, కరెంటుకు డిస్క్ కాలిపోయిందన్నాను. మా ఇంటి ఇన్వర్టర్ వైరింగ్ చేసింది ప్రభు. అతనూ క్వయర్‌లో పాడతాడు. ఆ సంగతి విని నందిగామ నుంచి బండి మీద వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎర్తింగ్ నేనే సరిగ్గా చూడలేదేమో అక్కా. అమ్మగారి పాటలు నావల్లే పోయినయ్. ఏమీ అనుకోమాకండి."

"పోన్లే ప్రభూ, కావాలని చేశావా ఏంటి?" అన్నాను.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! అతను మధ్యాహ్నమంతా వైరింగ్ మళ్ళీ చేశాడు. నేను టీ ఇచ్చాను.

సుశీలమ్మగారు నవ్వుతూ చాలా పాటలు మళ్ళీ పాడారు. పై స్థాయి అందనివి వదిలేశారు. ఇప్పుడు పాటలకూ బ్యాకప్ ఉంది. నెలనెలా వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి వింటాను. ఆవిడ గొంతు పలికితే ఇల్లంతా నిండినట్టుంటుంది. సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు? ప్రభు కూడా బాగున్నాడు. అతని కూతురు మాతోనే పాడుతోంది.

మరి అతనికెందుకు చెప్పలేదు? పాటలు పోయిన సంగతైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. తల వంచుకుని నిలబడిన మనిషిని చూస్తూ కూడా నోరు విప్పలేదని చెప్పడానికే ధైర్యం చాలలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. డిస్క్ కాలలేదు. పాటలు పోగొట్టింది నేను. ఈ మాటలు రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. నా గొంతు వణకలేదు.