తడి కప్పు కింద కునుకు

కుట్టు షెడ్డులో ఆమెను అందరూ పిన్నీ అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. చిన్నప్పుడే బడి మానేసి దారపు పోగులు కత్తిరించడానికి వచ్చిన మనిషి. ఇప్పుడు కాలర్లు కుట్టడంలో ఆమెకు ఎదురులేదు, నోటికీ ఎదురులేదు. ఓ ఎండాకాలం, నిప్పులు కక్కే ఆ రేకుల కింద కడుపుతో ఉన్న పిల్ల ఒకతి మిషను మీదే వాలిపోయింది. ఆ రోజు అందరి చేతా పని ఆపించి, భోజనాల తర్వాత గంటసేపు నడుం వాల్చుకునే హక్కు సాధించింది పిన్నే.

ఈ ఏడు యజమాని రేకుల మీద గోనెపట్టాలు పరిపించి, వాటిని తడపడానికి గొట్టాలు వేయించాడు. ఇంజినీరు చదివిన ఆయన మేనకోడలు షెడ్డు నమూనాను కంప్యూటరులో కట్టింది. ఎండ, గాలి, తడి అన్నీ అందులో పెట్టి లోపలి వేడి లెక్క తీసింది.

యజమాని మురిసిపోయాడు. "మిట్టమధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుందట. ఇక ఆ గంట దేనికి? రేపట్నుంచి మిషన్లు ఆగవు."

"అందులో మమ్మల్నీ పెట్టావా అమ్మాయ్?" అంది పిన్ని తలెత్తకుండానే.

"పెట్టాను పిన్నీ. మనిషి ఒంట్లోంచి కూడా వేడి వస్తుంది కదా."

"అయితే మేమూ పొయ్యిలమేనన్నమాట."

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు ఎప్పటిలాగే ఉడికింది. మేనకోడలు కప్పెక్కి చూస్తే గోనెలు కట్టెల్లా ఎండి ఉన్నాయి. ట్యాంకులో నీళ్లు పొద్దునే అయిపోయాయి.

"రోజంతా నీళ్లుంటాయన్నావు మామయ్యా. నేనూ లెక్కలో అదే పెట్టాను."

ఆయన పంతానికి పోయి ఇంకో ట్యాంకు పెట్టించాడు. గోనెలు ఆరలేదు. షెడ్డు నిజంగానే చల్లబడింది.

"ఇప్పుడేమంటావ్ పిన్నీ?"

"చల్లగా ఉంది బాబూ, కాదనను. మంచి పని చేశారు." పిన్ని మిషను ఆపేసింది. "ఇన్నాళ్లూ ఉడుకుతూ పడుకున్నాం. ఇకనుంచి చల్లగా పడుకుంటాం."

"వేడనేగా ఆ గంట ఇచ్చింది?"

"మీరివ్వలేదు, మేం తీసుకున్నాం. రేకులు చల్లబడితే నా నడుం నొప్పి తగ్గుతుందా?"

"పనిలోంచి తీసేస్తా."

"తీసెయ్యండి. గంటయ్యాక లేచి పోతాను."

గుడ్డ ముక్కల మూట తలకింద పెట్టుకుని మిషను పక్కనే ఒరిగింది. వెనక వరుసలో ఒక మిషను ఆగింది. తర్వాత దాని పక్కది. చూస్తుండగానే షెడ్డంతా సద్దుమణిగి, రేకుల మీద నీళ్ల చప్పుడొక్కటే మిగిలింది. యజమాని పడుకున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా చూసుకుంటూ బయటికి నడిచాడు.

గంట గడిచాక పిన్ని లేచి, ఎవరైనా పొమ్మంటారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. చేతులు దులుపుకుని, సగం కుట్టిన కాలరును సూది కిందికి జరిపింది.