జేబులో ఫ్యూజు

మొన్న శుక్రవారం కుప్పం నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు పుంగనూరు స్టాండులో నాన్నను కేకేసి చెప్పాడు: "అప్పా, మీ ఫిట్టరు భాయి తెల్లారుజామున పోయినాడంట. సాయంత్రం నమాజు అయినాక ఎత్తతారంట." నాన్న ఇంటికొచ్చి, ఆ మాట అమ్మకు చెప్పలేక చొక్కా గుండీలు పెడుతూ తీస్తూ నిలబడ్డాడు.

మాకు చాచా అంటే ఆయనొక్కడే. పక్కిల్లు. శనక్కాయల మిల్లులో ఆయన ఫిట్టరు, మోటారు దగ్గర మా నాన్న. మదనపల్లెలో డిగ్రీ ముగించి, దరఖాస్తులు పంపుతూ ఇంట్లో కాలు నిలవని నన్ను చూసి, "నీ కాళ్ళకు ఎవురు మిషను పట్టా ఎక్కిచ్చినారు అమ్మాయ్?" అని నవ్వేవాడు. ఆయన కూతురింటికి కుప్పం వెళ్ళిపోయాక అలా ఎగతాళి చేసేవాళ్ళే లేరు నాకు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగింది ఆ ప్రమాదం. కాయ దండిగా వచ్చిన సీజను. పక్క మిషన్ల హోరులో మాట వినబడదు కాబట్టి మిల్లులో ఒక అలవాటుండేది. కాయలు ఒలిచే మిషను కింద పని ముగించి చాచా స్పానరుతో రెండు దెబ్బలు కొడితే, గోడ అవతల నాన్న మోటారు వేయాలి. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆ రోజు బిగుసుకున్న నట్టు వదలక చాచా దాన్ని స్పానరుతో కొట్టాడు. రెండే దెబ్బలు. నాన్న మోటారు వేశాడు. మిషనును తిప్పే పట్టా చాచా కుడిచేతిని చక్రంలోకి లాక్కుంది. మూడు వేళ్ళు పోయాయి.

మోటారు వేసినవాడిదే తప్పని మేనేజరు నాన్నను తీసేయబోతే, ఆస్పత్రి మంచం మీదినుంచే చాచా అడ్డుపడ్డాడట. "ఆ గుర్తు పెట్టింది నేను. ఆయప్పను పంపిస్తే నేను గూడా రాను."

ఉద్యోగం నిలిచింది గానీ నాన్న నిలవలేదు. స్విచ్చు మీద చేయి వేయలేకపోయాడు. మిల్లు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. చాచా రోజూ టీ వేళకు వచ్చేవాడు. అంతకుముందులా తలుపు తట్టేవాడు కాదు, వీధిలోనుంచే పిలిచేవాడు. తలుపు మీద రెండు దెబ్బలు పడితే నాన్నకు ఏం గుర్తొస్తుందో నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

గాయం మానాక ఒక ఉదయం నాన్నను మిల్లుకు లాక్కుపోయాడు. క్యారియరు పట్టుకుని వెనకే వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను. చాచా గోడ మీది పెట్టె తెరిచి, పింగాణీ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. మిషను పక్కన కూర్చుని, మిగిలిన మంచిచేతిని పట్టా కింద పెట్టాడు.

"ఇప్పుడెయ్యి మోటారు."

"నావల్ల కాదు భాయ్."

"ఎయ్యప్పా. నా చెయ్యి ఈడుండాది, ఫ్యూజు నా జేబులో ఉండాది. ఇంక యాల భయం?"

నాన్న కళ్ళు మూసుకుని స్విచ్చు వేశాడు. ఏదీ కదల్లేదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ, మళ్ళీ.

"సాలప్పా, స్విచ్చు అరిగిపోతాది," అన్నాడు చాచా. నాన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. మరునాటి నుంచి పనిలోకి వెళ్ళాడు.

ఆ తర్వాత ఫ్యూజు జేబులో పడనిదే చాచా ఏ మిషను మీదా చేయి పెట్టలేదు. మదనపల్లె సిల్కు మిల్లుల్లో, కుప్పంలో రాయి కోసే చోట, రిపేరుకు పిలిచిన ప్రతిచోటా అదే నేర్పాడు. తొందరపెట్టే ఓనర్లకు ఒకటే జవాబు: "మిషనుకు పార్టు బెంగుళూరులో దొరుకుతాది. నా చేతికి యాడ దొరుకుతాది?"

ఒకసారి అడిగాను, నాన్న మీద కోపం రాలేదా చాచా అని. "వచ్చింది అమ్మాయ్. మీ నాయన మొఖం సూసినంక దాన్ని యాడ పెట్టుకునేది?" అన్నాడు. ఇంకా ఎన్నో అడగాలనుకున్నాను. కుప్పం ఎంత దూరం? ఆ దూరం పోలేకపోయాను.

శుక్రవారం పోయాను. ఆడవాళ్ళు ఖబరస్తానుకు పోరని చాచా కూతురి పక్కన కూర్చున్నాను. గోరీలో మూడు దోసిళ్ళ మన్ను వేసి తిరిగొచ్చిన నాన్న, చేతులు కడుక్కోమని చెంబు అందిస్తే ఎడమచేయి ఒక్కటే చాచాడు. బస్సులో కుడిచేతిని పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. వి.కోట దాటాక నిద్రకు తల వాలింది, పిడికిలి వదులైంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రమన్ను జారుతుంటే, కింద పడకుండా నా అరచేయి పట్టాను.