మా బావగారి అగ్గిపుల్ల పరీక్ష

మా బావగారికి ఏ గుడ్డ కనబడినా దాన్లోంచి ఓ పోగు లాగి కాల్చి చూడాలి. ఆయన మా ఆయనకి స్వయానా అన్నగారు, బట్టల మిల్లులో నాణ్యత పరీక్షించే ఉద్యోగి. మిల్లు పని మిల్లులోనే వదిలి రావాలని ఆయనకెవరూ చెప్పలేదు. మా ఇంట్లో నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న తువ్వాలు ఒక్కటి లేదు.

"రంగు, మెత్తదనం, బరువు ఇవన్నీ భౌతిక ధర్మాలమ్మా. చూస్తే, ముట్టుకుంటే తెలిసిపోతాయి. నకిలీ సరుకు కూడా వాటిని ఇట్టే తెచ్చిపెట్టుకుంటుంది. కాలితే ఏమవుతుందన్నది రసాయన ధర్మం. అది వస్తువు పాడైతే గానీ బయటపడదు," అనేవారు. పాడుచేయడానికి ఆయనెప్పుడూ సిద్ధమే. ఇంటికొచ్చినవాళ్ళు కోటు విప్పడమే ఆలస్యం, "ఒక్క పోగండీ, ఒకే ఒక్క పోగు," అంటూ అగ్గిపెట్టెతో తయారు. మా ఆయన పై అధికారికి, "మీది ముప్పాతిక ప్లాస్టిక్కండీ," అని చెప్పి పంపారు. ఆ ఏడు మా ఆయనకి ప్రమోషన్ రాలేదు.

నవ్వొచ్చే మాటే. నాకు మాత్రం పన్నెండేళ్ళు నవ్వు రాలేదు.

పెళ్ళైన కొత్తలో, గడియారాలు బాగుచేసే మా నాన్న మా అత్తగారికి ఓ శాలువా తెచ్చారు. "అసలు సిసలు ఉన్ని, అక్కయ్యగారూ," అన్నారు. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, చుట్టాలంతా చూస్తుండగా, "పెద్దాడా, నీ అగ్గిపెట్టె ఏదిరా?" అన్నారు. నాన్న ముఖం పాలిపోయింది. "వద్దు బావగారూ," అని నేనంటున్నా వినకుండా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి పుల్ల గీశారు. గదంతా వెంట్రుకలు కాలిన కంపు.

"స్వచ్ఛమైన ఉన్ని! ఉన్ని కాలితే ఇదే వాసన," అని తీర్పిచ్చారు.

అత్తగారు శాలువా కప్పుకున్నారు. నాన్న మాత్రం పోయేదాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నేను బావగారికి అన్నం పెట్టాను గానీ, ముఖమిచ్చి మాట్లాడలేదు.

మొన్న శాలువా ఇస్త్రీ చేస్తుంటే అంచు కరిగి పెట్టెకి అతుక్కుపోయింది. ఉన్ని కరగదు. ఆయన పాఠాలు విని విని ఆ మాత్రం నాకూ వచ్చు. తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

"ఇది ఉన్నేనా బావగారూ?"

"మెల్లగా! అమ్మ వింటుంది. ఉన్నో కాదో ఆ రోజు నాకూ తెలియదమ్మా. మీ నాన్నగారి చేతులు వణుకుతుంటే తెలుసుకోబుద్ధి కాలేదు. నా తలవెంట్రుకలు రెండు పీకి కాల్చాను. ఉన్నీ వెంట్రుకా కాలితే ఒకటే వాసన."

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నాన్నకైనా చెప్పొచ్చుగా!"

"ఏమని? మీరు తెచ్చింది నకిలీయేమోనని భయపడ్డాననా?"

ఆయన నున్నటి బట్టతల తడుముకున్నారు. "ఆ అంచు లోపలికి మడిచి కుట్టేసెయ్యి. అమ్మ మళ్ళీ పరీక్షంటే ఇప్పుడు నా దగ్గర సరుకు లేదు."