అత్తయ్య వెళ్ళాల్సిన చుక్క

మా మేనత్త పోయిందని మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను వట్లూరులో పాఠాలు చెప్పే కాలేజీ గేటు దగ్గర ఆటో దిగుతున్నాను. "అమ్మాయ్, మీ అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా" అని ఆగారు. ఇంక ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. కాసేపటికి, "ఆ ఆట రాకుండానే పోయింది, చూశావా" అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చేసింది. ఆటో అతను బండి తీయకుండా అలాగే చూస్తుండిపోయాడు, పాపం.

డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ పోతే కంప్యూటర్ ఆట గురించి ఏడవడమేమిటి, వీళ్ళకేమైనా మతి పోయిందా అని మీరనుకోవచ్చు. అనుకోండి. కానీ ఆ ఆట సంగతి చెప్పకుండా మా అత్తయ్య గురించి చెప్పడం నా వల్ల కాదు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక మేడ మీద అత్తయ్య టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. కింద ఉల్లిపాయల ఘాటు, పైన మిషన్ల టకటక. మావయ్యది ఆ మార్కెట్టులోనే కమీషన్ వ్యాపారం. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గుతున్న రోజుల్లో అత్తయ్య ఏలూరు నుంచి ఒక పాత కంప్యూటర్ తెప్పించింది. దాన్ని బిగించడానికి వచ్చినాయన వెళ్తూ వెళ్తూ ఒక ఫ్లాపీ చేతిలో పెట్టి, "ఇందులో ఒక గేమ్ ఉందండి, పిల్లలు ఆడుకుంటారండి" అన్నాడట. ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు. సెలవులకి వెళ్ళే నేనొక్కదాన్నే. నాకు దక్కితే కదా!

నల్లటి తెర మీద తెల్ల గీతలు, అంతే ఆ ఆట. అంతరిక్షంలో మనకో చిన్న ఓడ ఉంటుంది. ఒక చుక్క దగ్గర సరుకు కొని, ఇంకో చుక్క దగ్గర అమ్ముకోవాలి. దారిలో దొంగలు కాచుకుని ఉంటారు. మావయ్య ఒకరోజు వెనకనుంచి చూసి, "ఇదేదో మా మార్కెట్టులాగే ఉందే! అందులో ఉల్లిపాయలున్నాయా?" అనడిగారు. "లేవండి. ఉంటే లోడు మిమ్మల్నే తోలమనేదాన్ని" అంది అత్తయ్య తల తిప్పకుండా.

ఆ ఆటలో అన్నిటికంటే కష్టం ఓడని రేవులో పెట్టడం. ఆ రేవు గిరగిరా తిరుగుతుంటుంది. దానికున్న సన్నటి సందులోంచి మన ఓడ లోపలికి పోవాలి. కాస్త అటూ ఇటూ అయితే సరుకుతో సహా పేలిపోతుంది. నేను ఎన్నిసార్లు పేలిపోయానో నాకే తెలియదు. అత్తయ్య మాత్రం వెన్నలో వేలు పెట్టినట్టు పోనిచ్చేది. అదెలాగత్తయ్యా అనడిగితే కొల్లేటి సంగతి చెప్పేది. ఆవిడ పుట్టింది కైకలూరు అవతల ఒక లంకలో. చిన్నప్పుడు వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, తాటిదోనె ఎక్కించి, దాన్ని తోసే గెడ చేతికిచ్చాడట. గుర్రపుడెక్కలోంచి దారి చేసుకుంటూ, ఒడ్డు దగ్గరపడే కొద్దీ ఈవిడ కంగారుగా గెడ వేసేదట, దోనె వెళ్ళి గట్టుని గుద్దేదట. "ఒడ్డు కనపడ్డాక ఇంక నువ్వేం చెయ్యకు తల్లీ, చేతులు తీసెయ్, అదే వెళ్తది" అన్నాడట తాతయ్య. ఆ మాట నాకు కంప్యూటర్ ముందు చెప్పేది. నేను తీసేదాన్ని కాదు. పేలిపోయేదాన్ని. "నీకు మొదట్నుంచీ ఆత్రమేనే" అని నెత్తిన ఒకటి మొట్టేది.

ఇంక చుక్క సంగతి. ఆ ఆటలో చుక్కలన్నీ చూపించే పటం ఒకటుంది. దాని కింది మూలన, మిగతా వాటికి దూరంగా, ఒంటరిగా ఒక చుక్క. దానికి పేరుంది. కానీ వెళ్ళడానికి లేదు. దానికి దగ్గరగా ఉన్న చుక్కకి వెళ్ళి ట్యాంకు నిండా ఆయిల్ పోయించుకున్నా, అక్కడికి చాలదు. కొంచెంలో చాలదు. అదీ అత్తయ్య కడుపుమంట. బొత్తిగా అందనంత దూరంలో ఉంటే వదిలేసేదే. సరుకంతా దించేసి ఖాళీ ఓడతో ప్రయత్నించింది. ఆగి ఆగి వెళ్ళింది. ఊహూఁ.

"అక్కడ ఏముందంటావు?" ఈ ప్రశ్న అత్తయ్య అడగని మనిషి మా బంధువుల్లో లేరు. టైపుకి వచ్చే అమ్మాయిల్ని అడిగేది. కాఫీకొచ్చిన చుట్టాల్ని అడిగేది. నేను ఐస్‌క్రీమ్ కొట్టు ఉంటుందన్నాను. అప్పటి నా వయసు అది. అత్తయ్య నవ్వలేదు, "ఉండొచ్చే, ఎవరు చూశారు" అంది సీరియస్‌గా. మావయ్య మాత్రం, "ఏముంటుంది, ఖాళీ కాగితం మూల బావుండదని ఒక చుక్క పెట్టి ఉంటారు" అనేవారు. ఆ మాటంటే రెండు రోజులు మావయ్యకి కాఫీలో పంచదార తగ్గేది.

ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. మిషన్లు అమ్మేశారు. ఆ పాత కంప్యూటరూ పోయింది. ఇంట్లో కొత్తది వచ్చినా అందులో ఆ ఫ్లాపీ పెట్టడానికి చోటే లేదు. అయినా అత్తయ్య ఆ చుక్కని మర్చిపోలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒకరోజు ఫోన్లో చూశాను. ఆ పాత ఆటని మళ్ళీ కొత్తగా తయారుచేస్తామని విదేశాల్లో కొందరు చేరి, ఇష్టమున్నవాళ్ళందరి దగ్గరా ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేస్తున్నారు. అత్తయ్యకి చెప్పాను. నా మాట పూర్తవకుండానే, "మూలనున్న చుక్కుందా?" అంది. "అదెలా తెలుస్తుందత్తయ్యా నాకు!" అన్నాను. "అయితే చందా కట్టు" అంది.

మావయ్య ఊరుకుంటారా? "మొహం తెలియనివాళ్ళకి డబ్బు పంపిస్తావా? రేపు వాళ్ళు చెయ్యకపోతేనో?"

"మన చర్చికి స్లాబ్ ఎలా పడిందండీ?" అంది అత్తయ్య. "తలా కాస్త వేసుకుంటేనే కదా. పునాదికి ఇచ్చినవాళ్ళలో ఎంతమంది ఆ స్లాబ్ కింద కూర్చున్నారు? కూర్చోలేదని వాళ్ళేమైనా వెనక్కి అడిగారా?"

అప్పట్నుంచి మొదలైంది ఎదురుచూపు. ఆట తయారుచేసేవాళ్ళు అప్పుడప్పుడూ మెయిల్ పంపేవారు. ఓడ బొమ్మ మార్చామనో, చప్పుళ్ళు కొత్తగా రికార్డు చేశామనో. అత్తయ్య దాన్ని అచ్చు తీయించి, కళ్ళజోడు పెట్టుకుని, మావయ్యకి తెలుగులో చదివి వినిపించేది. అన్నిటి చివరా ఒకటే మాట ఉండేది: అనుకున్నదానికంటే ఆలస్యమవుతోంది, మన్నించండి. నాకు ఒళ్ళు మండేది. అత్తయ్యకి మండేది కాదు. "కంగారుపడి తెస్తే పాడుచేస్తారే. చేసుకోనీ" అనేది.

ఒకసారి ఆవిడే వాళ్ళకి మెయిల్ రాసింది. టైపు మాస్టారమ్మ కదా, మార్జిన్లూ పేరాలూ కుదిరి, పై ఆఫీసుకి పంపే అర్జీలా ఉంది. విషయం ఒక్కటే: ఆ చుక్క కొత్త ఆటలో ఉంటుందా, ఉంటే వెళ్ళనిస్తారా? జవాబొచ్చింది. ఉంటుందన్నారు. ఈసారి వెళ్ళొచ్చన్నారు. అక్కడేముందో ఇంతకాలంగా అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారట. మీకు కావాలంటే ఇప్పుడే చెప్తాం అన్నారు.

అత్తయ్య తిరుగు మెయిల్ కొట్టింది. "దయచేసి చెప్పకండి. నేను వస్తున్నాను."

మావయ్య లబోదిబోమన్నారు. ఉల్లిపాయల లారీ ఊళ్ళోకి రాకముందే రేటు తెలియాలి ఆయనకి. సినిమాకి వెళ్తే హీరో బతుకుతాడా అని గేటు దగ్గరే అడిగే మనిషి. "చెప్తామంటే వద్దంటావేంటే? ఉచితంగా చెప్తామంటున్నారుగా!" అని పెద్ద గోల. "మీరు చెవులు మూసుకోండి, నేను నోరు మూసుకుంటాను, అది వచ్చాక చూద్దాం" అంది అత్తయ్య. ఆ మాటలో అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. మావయ్యకి అర్థమైనట్టే ఉంది, ఊరుకున్నారు.

ఆ తర్వాత జబ్బు చేసింది. ఏలూరులో ఆసుపత్రి. నేను కాలేజీ అవ్వగానే వెళ్ళి కూర్చునేదాన్ని. వెళ్ళగానే అడిగేది, "మెయిలొచ్చిందా?" అని. ఎప్పుడూ ఆత్రపడని మనిషి ఒకరోజు, "ఈ ఏడు వచ్చేస్తదంటావా?" అంది. వస్తుందత్తయ్యా అన్నాను, నాకేదో తెలిసినట్టు.

పాస్టరుగారు చూడటానికి వచ్చి, "ఏం ప్రార్థన చేయమంటారమ్మా?" అనడిగారు. "ఆ గేమ్ తొందరగా రావాలని చేయండి అయ్యగారూ" అంది. ఆయన నా వంక చూశారు. నేను సంగతి చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అని కళ్ళు మూసుకుని, దూరదేశంలో కంప్యూటర్ల ముందు కష్టపడుతున్న ఆ బిడ్డల చేతులకి బలమివ్వమని నిజంగానే ప్రార్థన చేశారు. పక్క మంచం ఆవిడ కూడా ఆమెన్ అంది. ఆవిడకేం అర్థమైందో!

ఇంకో రోజు మావయ్య నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. "అమ్మాయ్, నువ్వు వాళ్ళకి రాసెయ్యమ్మా. ఏముందో చెప్పెయ్యమను. దానికి తెలియకుండా పోతే..." అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మార్కెట్టులో అంత గొంతేసుకుని వేలం పాటలు పాడిన మనిషి. నాకూ అదే న్యాయమనిపించింది. లోపలికెళ్ళి అత్తయ్య చెయ్యి పట్టుకుని, "రాసి అడగనా అత్తయ్యా?" అన్నాను.

కళ్ళు తెరిచి చూసింది. "మీ మావయ్యేనా నిన్ను పంపింది?"

నేను దుప్పటి సర్దాను.

"వద్దే" అంది. "తెలిసిపోతే పొద్దున్నే లేచి ఏం ఆలోచించుకోను? ఇక్కడ చూడ్డానికి ఆ సెలైన్ సీసా తప్ప ఏముంది?" మళ్ళీ తనే, "నేను వెళ్ళలేకపోతే మీరు వెళ్ళండి. వెళ్ళి చూడండి. అడగొద్దు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. అంత నీరసంలోనూ ఆవిడ ఆ చుక్క దగ్గరే ఉంది. నేను మాత్రం ఆసుపత్రిలో ఉన్నాను.

ఆవిడ పోయాక, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగిన వారంలోనే మెయిలొచ్చింది. చూడండి వాళ్ళ నిర్వాకం! పూర్తి ఆట కాదు, చందా ఇచ్చినవాళ్ళు రుచి చూడటానికి మొదటి ముక్క. నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. మావయ్య అత్తయ్య కుర్చీ తుడిచి పెట్టారు. అందులో నేను కూర్చోలేదు, ఆయన్నే కూర్చోమన్నాను. పక్కన స్టూలు వేసుకుని మీటలు నేను నొక్కాను.

రంగులొచ్చాయి, వెలుగులొచ్చాయి. రేవు మాత్రం అదే, గిరగిరా తిరుగుతూ. నేను కంగారుగా నొక్కి నొక్కి పేలిపోయాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ పేలిపోయాను. ఇంతకాలం ఆ ఆట వంక సరిగ్గా చూడని మావయ్య, "చేతులు తీసెయ్యమనేది కదమ్మా" అన్నారు. తీసేశాను. ఓడ తనంతట తానే మెల్లగా సందులోంచి లోపలికి పోయింది. మావయ్య ముక్కు ఎగబీల్చుకున్నారు. నేను ఆయన వంక చూడలేదు.

తర్వాత పటం తెరిచాను. కింది మూలన చుక్క ఉంది. నొక్కితే, పూర్తి ఆట వచ్చాక వెళ్ళవచ్చు అని వచ్చింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు, షరా మామూలే.

"మావయ్యా" అన్నాను. "ఇప్పుడు రాసి అడగనా? అడిగితే చెప్తామన్నారుగా."

లారీ రాకముందే రేటు అడిగే మనిషి చాలాసేపు తెర వంకే చూశారు.

"వద్దమ్మా. అది ఊరుకోదు" అన్నారు.

రేవులోంచి బయటికొచ్చాక ఓడ ముక్కు ఆ చుక్క ఉన్న వైపు తిప్పించారు నాతో. ఎంతసేపు నడిపినా ఈ ముక్కలో అక్కడికి చేరం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను మీటల మీంచి చేతులు తీసేసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మావయ్య అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, తెరకి దగ్గరగా జరిగి, ఆ నలుపు మధ్యలో ఆవగింజంత వెలుగుని చూస్తున్నారు.

గ్లాసు అందుకోకుండానే, "ఏముందంటావు అక్కడ?" అనడిగారు.